మడమ కింద బెండు ముక్క

జూన్ 3, గురువారం

అమ్మ కొత్త షూలు తెచ్చింది. ఎప్పటిలాగే రెండు జతలు. ఎడమ కాలికి ఐదో నంబరు, కుడి కాలికి ఆరో నంబరు. మిగిలిన రెండూ మంచం కింద పెట్టెలోకి వెళ్ళాయి. ఆ పెట్టెలో ఎవరి కాళ్ళకీ సరిపోని జతలు ఇప్పటికి పదకొండు.

"ఆరో నంబరులో నీ కాలి బ్రేసు ఎంత చక్కగా ఇమిడిపోయిందో చూడు. పొడుగు స్కర్టు వేసుకున్నావంటే దేవుడికి కూడా తెలీదు" అంది.

దేవుడికి తెలీదంటే మాత్రం బళ్ళో మాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్ ఒప్పుకునేది కాదు.

ఈ షూల మడమ పాతవాటి కన్నా పల్చన. అడుగు వేసినప్పుడల్లా కుడి మోకాలు వెనక్కి తన్నుతోంది. అమ్మకి చెప్పలేదు. సర్దుకుంటుంది.

జూన్ 5, శనివారం

ఆఫీసులో దాతలకి ఉత్తరం టైపు చేశాను. "కృత్రిమ కాళ్ళు, బ్రేసులు వాడేవాళ్ళు నడవగలిగితే చాలని ఆగిపోకూడదు, వాళ్ళు ఆడాలి, అలిసిపోవాలి, గెలవాలి అన్నదే మా సంస్థ ఉద్దేశం." 'అలిసిపోవాలి' నేను కలిపాను. సెక్రటరీ గారు కొట్టెయ్యలేదు.

ఇవాళ బ్యాడ్మింటన్ రోజు. నా బల్ల హాలు తలుపు పక్కనే. అక్కడి నుంచి కోర్టు సగం కనిపిస్తుంది, మిగతా సగం వినిపిస్తుంది. అందరి కన్నా ఎక్కువ వినిపించేది కండక్టరక్క. ఇరవై రెండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టింది. కుడి కాలు మోకాలి కింద నుంచి లేదు. షటిల్ నెట్టుకి తగిలితే "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అవతలివాళ్ళని అదిలిస్తుంది.

"ఏమే లైబ్రరీ, ఆ పుస్తకంలో ఏముందే అంత? మమ్మల్ని చూడవే, టికెట్ అడగనులే" అంది వెళ్తూ వెళ్తూ.

నవ్వాను. ఏం జవాబు చెప్పాలో ఇప్పుడు తట్టింది. రాయడం దండగ.

హాలుకీ వర్క్‌షాపుకీ మధ్య వరండా. నేల మీద పసుపు గీత, చివర నిలువెత్తు అద్దం. వర్క్‌షాపులో కాలు తయారుచేసి బిగించాక మేస్త్రి గారు ఎవరినైనా అక్కడికే తీసుకొచ్చి, వెనక నిలబడి, "నడు, చూస్తా" అంటారు. నేను ఆ గీత మీద ఎప్పుడూ నడవలేదు. ఉదయం అందరి కన్నా ముందు వస్తాను, సాయంత్రం అందరూ వెళ్ళాక లేస్తాను. పని మీద శ్రద్ధ అని సెక్రటరీ గారు నలుగురిలో మెచ్చుకున్నారు. కాదనలేదు.

జూన్ 9, బుధవారం

మేస్త్రి గారికి రేపటి నుంచి వేరే ఊళ్ళో క్యాంపు. వెళ్ళే ముందు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అందులో ఏడు బెండు ముక్కలు. అంచులు నున్నగా చెక్కి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె రాశారు. ఆయన చెవి మీద ఎప్పుడూ ఉండే పెన్సిల్‌తోనే. తడి తగిలితే ఊదారంగు తేలుతుంది ఆ పెన్సిల్, తేలిందంటే ఇక పోదు.

"దాతలు పంపిన ఆట షూలకి మడమ లేదమ్మా. వీళ్ళ కాళ్ళు నేను బిగించింది రోజూ వేసుకునే షూల ఎత్తుకి. లోపల మడమ కింద ఈ ముక్క పెడితే సరిపోతుంది. పెట్టలేదనుకో, మనిషి వెనక్కి వాలిపోతుంది."

"ఒకటో ముక్క ఒకటో నంబరు వాళ్ళ షూలో. అంతేనా?"

"అంతే. నువ్వు కామా కూడా వదలవు కదా, నాకు బెంగ లేదు."

ఏడో నంబరు కండక్టరక్క.

జూన్ 11, శుక్రవారం

వాన. మోకాలు సర్దుకోలేదు.

జూన్ 12, శనివారం

కండక్టరక్క పడిపోయింది.

ఉదయం షూలు పంచాను. ముక్కలు పెట్టాను. మొదటి ఆటలోనే ఎత్తుగా వచ్చిన షటిల్ కోసం రెండడుగులు వెనక్కి వేసింది, మూడోది పడలేదు. ఎడమ మణికట్టు విరిగింది. ఆ చప్పుడు బల్ల దాకా వినిపించింది.

అంబులెన్సు వాళ్ళు కాలు విప్పేసి అక్కని తీసుకెళ్ళారు. ఆ కాలు తెచ్చి నా బల్ల పక్కన పెట్టారు. నేను చూసుకున్నాను.

జూన్ 13, ఆదివారం

రాయడానికి ఏమీ లేదు.

జూన్ 14, సోమవారం

మేస్త్రి గారు వచ్చారు. చేతిసంచీ కూడా దించకుండా ఆ కాలు బల్ల మీదికి ఎక్కించారు. షూ విప్పి చూశారు. బెండు ముక్క దాని చోట అది ఉంది.

"అంకె అలికినట్టుందే" అన్నారు.

"వాన కదండీ" అన్నాను.

తల ఊపారు. కాలు నిటారుగా ఉందా అని తూకం గుండుదారం వేలాడదీసి కొలిచారు. మరలు ఊడదీసి మళ్ళీ బిగించారు. సాయంత్రం నేను లేచే వేళకి కూడా కొలుస్తూనే ఉన్నారు. ఇవాళ ఆయన ముందు వెళ్తారని ఎంతసేపో కూర్చున్నాను. వెళ్ళలేదు. ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు గోడ వెంబడి నడిచి వచ్చేశాను.

జూన్ 15, మంగళవారం

ఏమీ లేదు.

జూన్ 16, బుధవారం

కాలు కండక్టరక్కకి ఇచ్చి రమ్మని సెక్రటరీ గారు నన్ను పంపారు. గుడ్డసంచీలో పెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. షూ బయటికి కనిపిస్తోంది. పక్కన కూర్చున్నావిడ కొంచెం జరిగింది. మళ్ళీ కొంచెం జరిగింది. చివరికి నాకు సీటంతా మిగిలింది.

అక్క చక్రాల కుర్చీలో ఉంది. విరిగిన చేత్తో ఊతకర్ర పట్టుకోలేదు కదా.

"రావే లైబ్రరీ. మా ఆయన నన్ను బాత్‌రూముకి ఎత్తుకుపోతున్నాడు తెలుసా? పెళ్ళయిన కొత్తలో కూడా ఎత్తుకోలేదు మహానుభావుడు."

లోపలి నుంచి ఆయన, "అప్పుడింత బరువు లేవు, సరదా పుట్టలేదు" అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. సంచీ ముందు పెట్టగానే అక్క నవ్వు ఆగింది.

"తీసుకుపో."

"మేస్త్రి గారు అంతా సరిచూశారక్కా. ఏ లోపమూ లేదన్నారు."

"లోపం లేకపోతే నన్నెవరు పడేశారే? నడిచే బస్సులో ఇరవై రెండేళ్ళు నిలబడ్డాను, ఒక్కసారి పడలేదు. కదలని నేల మీద పడ్డాను. చెయ్యి అతుక్కుంటుంది, దానికేం. కానీ ఇప్పుడు ఆ కాలుని చూస్తే భయమేస్తోంది. నా కాలంటే నాకే భయమైతే ఎలా నడవనే? మీ మేస్త్రికి చెప్పు, నీ కాలు నాకొద్దందని. మాట మార్చకుండా చెప్పు."

మళ్ళీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఆమె మాటలు మాట మార్చకుండానే చెప్పాను. మేస్త్రి గారు చెవి మీద పెన్సిల్ తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు.

జూన్ 18, శుక్రవారం

సబ్బు. కిరోసిన్. స్పిరిట్. ఇసుక కాగితం కూడా. పోవడం లేదు.

జూన్ 20, ఆదివారం

రోజంతా చదవాలనుకున్నాను. ఒకే పేజీ నాలుగుసార్లు తిప్పాను. లేచి బట్టలు మడతపెట్టాను. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టాను. "కూర్చోవే, నిన్ను చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది అమ్మ.

జూన్ 21, సోమవారం

సెక్రటరీ గారు ఉత్తరం చెప్తే టైపు చేశాను. శుక్రవారం కమిటీ సమావేశం. "ఇటీవలి ప్రమాదం దృష్ట్యా" మన వర్క్‌షాపు మూసేసి, ఇకపై కాళ్ళూ బ్రేసులూ బయటి కంపెనీ చేత చేయించాలని ప్రతిపాదన. మేస్త్రి గారికి నెల రోజుల గడువు. "దృష్ట్యా" తర్వాత కామా అవసరమా లేదా అని ఐదు నిమిషాలు ఆలోచించాను.

కామా గురించి.

సిస్టర్ మా వ్యాసాలు వెనక్కి ఇచ్చేస్తూ, "జరిగింది జరిగినట్టు రాయి, తక్కినవి తర్వాత" అనేది. పన్నెండో తేదీ నేను రాసింది ఇప్పుడే తీసి చదివాను. అందులో అబద్ధం ఒక్కటే: 'ముక్కలు పెట్టాను.' ఆరు పెట్టాను. మిగతావన్నీ నిజాలే, అందుకే మరీ అసహ్యంగా ఉన్నాయి.

జరిగింది ఇది.

ఎనిమిదింటికి వచ్చాను. వాన. నా షూలు తడిసి ఉన్నాయి. డబ్బా తీసి ఒకటి నుంచి ఆరు దాకా ముక్కలు షూల్లో పెట్టాను. ఏడోది చేతిలో ఉంది. కండక్టరక్కది కుడి కాలే, నాదీ కుడి కాలే. సైజు కూడా అదే. మేస్త్రి గారు చెప్పింది నాకూ వర్తిస్తుందని తొమ్మిదో తేదీనే తెలుసు. నా కొత్త షూల మడమ పల్చన. నా బ్రేసు చేసింది పాత షూల ఎత్తుకి. అందుకే మోకాలు తన్నుతోంది. అడగాలంటే స్కర్టు అంచు ఎత్తి చూపించాలి. అడగలేదు.

ముక్కని నా షూలో బ్రేసు కింద పెట్టుకున్నాను. ఒక్క నిమిషం అనుకున్నాను. వరండాలోకి వెళ్ళి పసుపు గీత మీద నడిచాను.

మోకాలు తన్నలేదు. అద్దం దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. అంత నిమ్మళంగా నేను ఎప్పుడూ నడవలేదు. ఎన్నిసార్లు తిరిగానో లెక్క తెలియదు.

వాన ముదురుతుందని ఆటగాళ్ళ వ్యాను అరగంట ముందే వచ్చేసింది. మాటలు వినపడగానే పరుగులాంటి నడకతో వచ్చి బల్ల వెనక కూర్చున్నాను. అందరూ ఒక్కసారి బల్ల చుట్టూ మూగారు. షూ విప్పితే బ్రేసు కనిపిస్తుంది. ఏడో నంబరు షూలు ముక్క లేకుండానే ఇచ్చాను.

అక్క తొడుక్కుని నాలుగడుగులు వేసి నా దగ్గరికి వచ్చింది. "వెనక్కి లాగుతున్నట్టుందేంటే?" అని అడిగింది.

"కొత్తవి కదక్కా, సర్దుకుంటుంది" అన్నాను.

ఆమె నన్ను నమ్మి ఆడడానికి వెళ్ళింది.

తర్వాత హాలు ఖాళీ అయ్యాక నా షూలోంచి ముక్క తీసి ఆమె షూలో పెట్టాను. మేస్త్రి గారికి లోపం దొరక్కపోవడానికి కారణం నేనే. శుక్రవారం రాత్రి నా బ్రేసు కింద చూసుకున్నాను. తడికి అంకె అచ్చు దిగింది. ఊదారంగులో ఏడు, అద్దంలో చూసినట్టు తిరగబడి.

జూన్ 23, బుధవారం

అమ్మకి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ వింది. చెయ్యి ఆగలేదు.

"ఆమె చెయ్యి అతుక్కుంటుందా?"

"అతుక్కుంటుంది."

"మరి ఇప్పుడు చెప్పి ఎవరికి ఏం ఒరగబెడతావు? ఉద్యోగం పోతుంది. ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా దాచుకొచ్చిన సంగతి నలుగురి నోళ్ళలో పడుతుంది."

"మేస్త్రి గారి పని పోతుందమ్మా."

"ఆయనకి చేతిలో విద్య ఉంది. ఎక్కడైనా బతుకుతాడు."

అది నిజమే. ఈ మాట పట్టుకుని ఒక పూట గడిపాను. ఆయనకి విద్య ఉంది. ఆయన ఎక్కడైనా బతుకుతారు. బల్ల దగ్గర కూర్చుని ఇదే అనుకుంటూ ఉంటే వర్క్‌షాపులోంచి మర బిగించే చప్పుడు. మళ్ళీ ఊడదీసే చప్పుడు. అదే కాలు.

జూన్ 24, గురువారం

ఉత్తరం రాసి పెట్టేద్దామనుకున్నాను. ఉత్తరం బాగా రాస్తాను నేను. నాలుగు చిత్తుప్రతులు రాశాను. నాలుగోది చదివితే తప్పు చేసింది ఎవరో మంచి అమ్మాయిలా అనిపించింది. చింపేశాను.

జూన్ 25, శుక్రవారం

సమావేశంలో మినిట్స్ రాయడం నా పని. కమిటీ వాళ్ళు ఐదుగురు, సెక్రటరీ గారు, మేస్త్రి గారు, చక్రాల కుర్చీలో కండక్టరక్క. కాలు బల్ల మధ్యలో ఉంది, షూతో సహా. నేను మూల కూర్చున్నాను.

సెక్రటరీ గారు ప్రతిపాదన చదివి, "మీరేమైనా చెప్పుకుంటారా?" అని మేస్త్రి గారిని అడిగారు.

"చెప్పుకోవడానికేముందండీ. కాలులో లోపం లేదు. షూలో ముక్క ఉంది. ఆవిడ ఎందుకు పడిందో నాకు తెలీదు. పదకొండు రోజులుగా చూస్తున్నాను, తెలీలేదు." గొంతు సవరించుకున్నారు. "మీరు గడువు ఇవ్వనక్కర్లేదు. ఎందుకు పడిందో తెలీకుండా ఇంకో మనిషికి కాలు బిగించలేను. చెయ్యి రావడం లేదు."

ఆ మాట మినిట్స్‌లో రాయబోయాను. 'చెయ్యి రావడం లేదు' దగ్గర కలం ఆగింది.

లేచాను. కుర్చీ పడింది. "ముక్క నా షూలో ఉంది" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. "అక్క పడ్డప్పుడు ముక్క ఆవిడ షూలో లేదండీ. నా షూలో ఉంది."

ఎవరికీ అర్థం కాలేదు. ఎలా అవుతుంది? పడ్డ కుర్చీ లేపి, కూర్చుని, షూ విప్పి, బ్రేసు విప్పి బల్ల మీద పెట్టాను. నా పాదం గాలికి చల్లగా అనిపించింది. ఇంట్లో అమ్మ తప్ప ఎవరూ చూడని పాదం. ఎవరూ దాని వంక చూడలేదు. బ్రేసునే చూస్తున్నారు.

మేస్త్రి గారు దాన్ని తిప్పారు. తిరగబడ్డ ఏడు కనిపించింది. అక్క కాలి షూలోంచి ముక్క తీసి దాని మీద ఆనించారు. అంకె మీద అంకె.

"ఎంతసేపుంది నీ షూలో?"

"రెండు గంటలు."

"మోకాలు తన్నడం తగ్గిందా?"

ఆయన అడిగింది అదే. నేను తల ఊపాను. అప్పుడు ఏడుపొచ్చింది.

కండక్టరక్క మాత్రం ఊరుకోలేదు.

"నేనడిగానా లేదా? వెనక్కి లాగుతోందని నిన్ను అడిగానా లేదా?"

"అడిగారక్కా."

"ఏమన్నావు?"

"సర్దుకుంటుందన్నాను."

"సర్దుకుంటుంది! ఇదిగో, సర్దుకుంది!" అని కట్టు వేసిన చెయ్యి ఎత్తి చూపించింది. "అదేదో మహా రహస్యమైనట్టు! నువ్వు వచ్చిన రోజే తెలుసు మాకందరికీ. కుడి అడుగు ఒకలా, ఎడమ అడుగు ఒకలా. వినబడదనుకున్నావా? చెప్పుకునేదాకా అడగకూడదని ఊరుకున్నాం. మా మర్యాదకి నువ్విచ్చిన ఫలితం ఇదా?"

ఏం జవాబు చెప్పాలో ఇప్పుడు కూడా తట్టడం లేదు.

తర్వాత ఆమె మేస్త్రి గారి వైపు తిరిగింది. "ముక్క తీసెయ్యండి. కాలు తెండి. నడుస్తాను."

"చెయ్యి విరిగి ఉందమ్మా…"

"వెనక మీరు నడుం పట్టుకోండి. నాకు తెలియాలి."

అందరం వరండాలోకి వెళ్ళాం. నేను ఒక కాలికి షూ లేకుండా, గోడ పట్టుకుని. ముక్క లేకుండా మూడడుగులు వేసింది అక్క. మొహం తెల్లబోయింది. "ఇదే. ఇదే లాగుడు." ముక్క పెట్టారు. మళ్ళీ నడిచింది. నాలుగు, ఐదు, అద్దం దాకా. అద్దంలో తనని తాను చూసుకుంటూ నిలబడి, కాలి మీద ఒక్కటి చరిచింది, పశువుని తట్టినట్టు. "నువ్వు కాదన్నమాట" అంది దానితో.

వర్క్‌షాపు మూసేసే ఉత్తరం సెక్రటరీ గారు చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు. నన్ను జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టమన్నారు. ఒక్క చిత్తుప్రతి కూడా అవసరం పడలేదు. షూలు, కాళ్ళు, పంపకాలు ఇక నేను ముట్టుకోకూడదు. ఉద్యోగం సంగతి వచ్చే నెల చూస్తారట.

వర్క్‌షాపు ఉంటుంది.

జూన్ 28, సోమవారం

కండక్టరక్క నా బల్ల ముందు నుంచే వెళ్ళింది. పలకరించలేదు.

జూన్ 30, బుధవారం

పలకరించలేదు. లైబ్రరీ అని కూడా అనలేదు.

జూలై 3, శనివారం

ఉదయం తొమ్మిదింటికి వెళ్ళాను, అందరూ వెళ్ళే వేళకి. వరండా నిండా జనం. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది.

మేస్త్రి గారు నా బ్రేసు మూడు రోజుల కిందట తీసుకున్నారు. ఇవాళ ఇచ్చారు. అడుగున ఏడు అలాగే ఉంది. కొత్త బెండు ముక్క ఒకటి చెక్కారు, దాని మీద అంకె ఎనిమిది. రిజిస్టరులో ఎనిమిదో వరసలో పేరు తన చేత్తోనే రాశారు. నా పేరు ఎప్పుడూ ఉద్యోగుల పుస్తకంలోనే ఉండేది.

"ఆ గీత మీదికి రా అమ్మా. నడు, చూస్తా."

స్కర్టు అంచు పిడికిట్లో పట్టుకుని కొంచెం ఎత్తాను, ఆయనకి కాలు కనిపించాలి కదా. అద్దం దగ్గర కుర్చీ వేసుకుని కండక్టరక్క కూర్చుని ఉంది, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఆటగాళ్ళందరూ గోడ వారగా నిలబడ్డారు. నడిచాను. ఇన్ని కళ్ళ ముందు గీత చాలా పొడుగ్గా ఉంది. అద్దంలో ఒక అమ్మాయి ఎదురొస్తోంది, కుడి భుజం కొంచెం దించి.

అక్క ముందుకి వచ్చి ఆగాను. ఎనిమిది రోజుల తర్వాత మాట్లాడింది.

"ఎలా ఉందే?"

అందరూ చూస్తున్నారు. మేస్త్రి గారు కష్టపడి చెక్కారు. బాగుందంటే అయిపోతుంది.

"ఇంకా కొంచెం వెనక్కి లాగుతోంది" అన్నాను.

మేస్త్రి గారు చెవి మీద పెన్సిల్ తీశారు.